ఆ మాట ఎవరి నోట రావాలి: దేవుని ఏర్పాటు, మనిషి స్వేచ్ఛ

(భిలాయి తెలుగు క్రైస్తవుల సభలో చేసిన స్మారకోపన్యాసం. ముద్రణ కోసం అక్కడక్కడ సవరించినది.)



ఈ ఉపన్యాసనిధి ఎవరి జ్ఞాపకార్థం ఏర్పడిందో ఆయన పేరు పుస్తకంలో వేయవద్దని కుటుంబం కోరింది. కోక్ ఓవెన్లలో పనిచేసి రిటైరైన బాప్టిస్టు సంఘపెద్ద అని మాత్రం చెప్పుకోవచ్చన్నారు. ప్రసంగం అయ్యాక పాస్టరు గారిని గుమ్మం దగ్గర ఆపి ప్రశ్న వేసే మనిషి ప్రతి సంఘంలోనూ ఒకరుంటారు. ఇక్కడ ఆ ఒకరు ఈయన. దేవుడు అన్నీ ముందే నిర్ణయించేస్తే నేను ప్రార్థన ఎందుకు చెయ్యాలి, ఏమీ నిర్ణయించకపోతే అసలు ఎవరికి చెయ్యాలి అని అడిగేవారట. సమాధానం చెప్పిన పాస్టర్లు ఇద్దరు ముగ్గురున్నారు. ఆయన తృప్తిపడినట్టు మాత్రం ఎవరూ చెప్పలేదు.

నేనూ తృప్తిపరచలేను. దేవుని ముందునిర్ణయానికీ మనిషి స్వేచ్ఛకూ పొత్తు కుదిర్చే సూత్రం నా దగ్గర లేదు, పదహారు వందల ఏళ్ళుగా ఎవరి దగ్గరా లేదు. నేను చెప్పదలచింది అంతకన్నా చిన్న సంగతి. దేవుడు నన్ను ముందే ఏర్పరచుకున్నాడన్న మాట ఎవరు అనాలి, ఎవరి గురించి అనాలి, ఎప్పుడు అనాలి అన్నది చూసుకోకపోతే ఆ మాట నిజమైనా అబద్ధంగానే పనిచేస్తుంది. నా వాదన అంతా అదే.

ముందు మన ఊరి సంగతి. ఉక్కు కర్మాగారం కోసం 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభం. ఆ రోజుల్లోనూ ఆ తర్వాతా శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి మనవాళ్ళు రైలెక్కి వచ్చారు. ఒడియావాళ్ళొచ్చారు, మలయాళీలొచ్చారు. ఛత్తీస్‌గఢ్ పల్లెలు పక్కనే ఉన్నాయి. దేవుడు లేడన్న ప్రభుత్వం పంపిన ఇంజనీర్ల సాయంతో కట్టిన ఊరికి ఒక్కో క్రైస్తవ కుటుంబం ట్రంకు పెట్టెతో పాటు ఒక్కో దైవశాస్త్రాన్ని కూడా పట్టుకొచ్చింది. తెచ్చామన్న సంగతి వాళ్ళకే తెలియదు.

ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన బాప్టిస్టులనే చూడండి. తోమాసు గాబ్రియేలు అనే తెలుగు బోధకుడి పిలుపు మీద కెనడా బాప్టిస్టులు 1874లో కాకినాడలో మొదలుపెట్టి క్రమంగా శ్రీకాకుళం దాకా పాకారు. బాప్టిస్టుల్లో పాతకాలం నుంచీ రెండు శాఖలు. క్రీస్తు ఎన్నికైనవారి కోసమే ప్రాణం పెట్టాడన్న వాళ్ళు పర్టిక్యులర్ బాప్టిస్టులు. అందరి కోసం పెట్టాడన్న వాళ్ళు జనరల్ బాప్టిస్టులు. విలియం కేరీని ఇండియాకు పంపిన 1792 నాటి సంఘం పర్టిక్యులర్ శాఖది. కటక్‌లో 1822లో దిగిన బాంప్టన్, పెగ్స్ జనరల్ శాఖవాళ్ళు. ఇచ్ఛాపురం దాటితే మారేది భాష ఒక్కటేననుకుంటాం, వంశవృక్షం పట్టి చూస్తే సిద్ధాంతం కూడా మారుతుంది. ఇంగ్లండులో ఈ రెండు శాఖలూ 1891లో ఒకటయ్యాయి. మన ఊళ్ళో ఒడియా బాప్టిస్టుకూ తెలుగు బాప్టిస్టుకూ పెళ్ళి సంబంధం కుదిరినప్పుడు క్రీస్తు ఎందరి కోసం చనిపోయాడన్న చర్చ వచ్చినట్టు నేనెప్పుడూ వినలేదు. పెట్టుపోతల చర్చ మాత్రం వస్తుంది.

కేరీ దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. ఆ కాలపు పర్టిక్యులర్ బాప్టిస్టుల్లో ఒక ధోరణి బలంగా ఉండేది. ఎన్నికైనవాళ్ళను దేవుడే రప్పించుకుంటాడు, ఎన్నిక కానివాళ్ళను మనం పిలిచినా రారు, కాబట్టి అందరినీ మారుమనస్సు పొందమని పిలవడం తప్పు అని. అన్యజనులకు సువార్త చెప్పాలని కేరీ లేచి నిలబడితే ఒక పెద్ద పాస్టరు కూర్చోమన్నాడని కథ ఉంది. అది అక్షరాలా జరిగిందా అంటే చరిత్రకారులకు అనుమానమే. కథ నిలబడిపోవడానికి కారణం మాత్రం ఆ ధోరణే. ఆండ్రూ ఫుల్లర్ 1785లో అచ్చువేసిన పుస్తకంలో ఆ ముడి విప్పాడు. దేవుని ఎన్నిక ఆయన రహస్యం, పిలవడం మన విధి, రహస్యాన్ని చూసి విధిని కొలవకండి అన్నది ఆయన వాదం. కేరీ బయలుదేరింది ఆ ఆలోచన బలంతో. శ్రీరాంపురంలో 1814లో ఆయన తెలుగు వ్యాకరణం, 1818లో తెలుగు కొత్త నిబంధన అచ్చయ్యాయి. ముందునిర్ణయాన్ని నమ్మినవాడు ఏళ్ళ తరబడి కూర్చుని క్రియారూపాలు పోగుచేశాడు. నమ్మకానికీ పనికీ మధ్య మనం ఊహించే వైరం ఆయనకు కనబడలేదు.

గుంటూరు వైపు లూథరన్లు 1842లో వచ్చిన మిషనరీ హయ్యర్ పెంచిన సంఘం. చిన్నప్పుడే లూథర్ చిన్న కేటికిజం కంఠతా పడతారు. నా బుద్ధితో, నా బలంతో నేను విశ్వాసంలోకి రాలేనన్న సంగతి అందులో ఉంది. ఎరాస్మస్ 1524లో స్వేచ్ఛను సమర్థిస్తూ పుస్తకం రాస్తే మరుసటి ఏడే లూథర్ చిత్తానికి స్వేచ్ఛ లేదు, అది బానిస అని జవాబిచ్చాడు. తన రాతలన్నిటిలోనూ నిలవదగ్గవి ఆ పుస్తకమూ కేటికిజమూనేనని 1537లో ఒక ఉత్తరంలో రాసుకున్నాడు. ఆయన వెనకవాళ్ళు 1577 నాటి ఒప్పందపత్రంలో ఒక జాగ్రత్త పడ్డారు. రక్షణకు దేవుడు ఏర్పరచుకున్నాడని ఒప్పుకున్నారు, నాశనానికి ఏర్పరచాడని మాత్రం అనలేదు. తర్కానికి ఇది ఒంటికాలి మీద నిలబడటమే. నాకు ఆ ఒంటికాలి మీద గౌరవముంది, ఎందుకో తర్వాత చెబుతాను.

ఇక్కడి నుంచి గట్టిగా రెండు గంటల ప్రయాణంలో ధమ్తరీ. అక్కడ 1899 నుంచి మెన్నోనైట్లున్నారు. వాళ్ళ పూర్వీకులు అనబాప్టిస్టులు. బాప్తిస్మం తెలివిడి వచ్చాక తానుగా కోరి తీసుకోవాలన్నందుకు ఐరోపాలో అటు కాథలిక్కులూ ఇటు ప్రొటెస్టెంట్లూ వాళ్ళను చంపారు. బాల్తజార్ హూబ్‌మయర్ 1527లో మనిషి స్వేచ్ఛ మీద రెండు చిన్న పుస్తకాలు రాశాడు. 1528 మార్చి 10న వియన్నాలో ఆయన్ను నిలువునా తగలబెట్టారు. స్వేచ్ఛ గురించి వాదించడం అప్పట్లో అంత ఖరీదు. తెలంగాణలో మెన్నోనైట్ బ్రదరన్ సంఘాలకూ ఇదే వేరు. 1889లో రష్యా సామ్రాజ్యం నుంచి బయలుదేరి నల్గొండలో పనిచేసిన అబ్రహాం ఫ్రీసెన్ ఆ కుదురువాడే. భిలాయికి రష్యన్లు రావడానికి అరవై ఐదేళ్ళ ముందే తెలుగువాళ్ళ మధ్యకు అటునుంచి ఒక మనిషి వచ్చాడన్నమాట, వేరే పని మీద.

మలయాళీ సిరియన్ క్రైస్తవుల వారసత్వం ఇంకా పాతది. వాళ్ళ ప్రార్థనల సొంత భాష సిరియాక్. ఆ భాషలో క్రీస్తుశకం 200 ప్రాంతంలో ఎడెస్సా పట్టణపు బర్దైసాన్ బోధను ఆయన శిష్యుడు సంభాషణగా రాసిపెట్టాడు. దేశాల ధర్మాల గ్రంథమని దాని పేరు. పుట్టిన ఘడియలోని నక్షత్రాలే మనిషి నడతను నిర్ణయిస్తాయన్నవాళ్ళకు అందులో జవాబుంది. ఆ జవాబులో మనం ఉన్నాం! ఇండియాలో బ్రాహ్మణులు వేర్వేరు ఘడియల్లో పుట్టినా అందరూ ఒకే ఆచారం పాటిస్తున్నారు కదా, మరి జాతకం ఏమైంది అన్నది వాదం. జాతకాన్ని కాదనడానికి క్రైస్తవులు మొట్టమొదట తెచ్చుకున్న సాక్షుల్లో మన దేశపు బ్రాహ్మణులుండటం చరిత్ర చేసిన చమత్కారం.

కాథలిక్కుల సంగతి క్లుప్తంగా. పదహారో శతాబ్దం చివర జెసూట్లకూ డొమినికన్లకూ కృప ఎలా పనిచేస్తుందన్న దానిమీద తగువు ముదిరి రోముకు పోయింది. విచారణ 1597లో మొదలై 1607 దాకా సాగింది. ఐదో పౌలు పోపు ఇద్దరినీ ఇళ్ళకు వెళ్ళమని, ఒకరినొకరు మతభ్రష్టులని తిట్టుకోవద్దని, తీర్పు తగిన సమయంలో వస్తుందని చెప్పాడు. నాలుగు వందల ఏళ్ళు దాటింది. తీర్పు ఇంకా రాలేదు. ఈ విషయంలో క్రైస్తవ సంఘం చేసిన తెలివైన పనుల్లో ఇదొకటని నా అభిప్రాయం.

మన దక్షిణాన 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడినప్పుడు చేసిందీ అలాంటిదే. మెదక్ మెథడిస్టులు జాన్ వెస్లీ సంతానం, ముందునిర్ణయం పేరు చెబితే వెస్లీకి ఒళ్ళు మండేది. రాయలసీమ సంఘాలు లండన్ మిషన్ సంతానం, అది కాల్విన్ గుమ్మం. దోర్నకల్ ఆంగ్లికన్లకు ముప్పై తొమ్మిది సూత్రాల్లో పదిహేడోది ఎన్నిక గురించే. ఈ ముగ్గురూ ఒక సంఘమయ్యారు. ఎవరి సిద్ధాంతం గెలిచిందని తేల్చుకోలేదు, పాత విశ్వాసప్రమాణాలు చాలన్నారు. దీనికి భిన్నంగా హాలండులో ఇదే తగువు మీద 1618, 1619లో డార్ట్ నగరంలో మహాసభ జరిగింది. సభ ముగిసిన రోజుల్లోనే ఓల్డెన్‌బార్నెవెల్ట్ అనే డెబ్బై దాటిన రాజనీతిజ్ఞుడి తల తీశారు. ఆయన పక్షాన ఉన్న గ్రోషియస్ జైలు నుంచి పుస్తకాల పెట్టెలో దాక్కుని తప్పించుకున్నాడు. ఆ పోరులో రాజకీయం సగం, దైవశాస్త్రం సగం.

కాబట్టి సెక్టార్లలో పక్కపక్క క్వార్టర్లలో ఉంటున్న మనం ఐరోపాను చీల్చిన జవాబులన్నిటికీ వారసులం, కత్తులు లేకుండా. దీనికి గర్వపడాలా, మనకు పట్టింపు లేకనే ఇంత శాంతిగా ఉన్నామా? సగం సగమనుకుంటాను. ఎందుకంటే మనకు ఈ ప్రశ్న సభల్లో రాదు, చావింట్లో వస్తుంది.

2018 అక్టోబరు 9న కోక్ ఓవెన్ల దగ్గర గ్యాస్ లైనులో మంటలు లేచి పదిమందికి పైగా పోయారు. అంతకు నాలుగేళ్ళ ముందు 2014 జూన్ 12న పంపుహౌస్ దగ్గర కార్బన్ మోనాక్సైడ్ పీల్చి ఆరుగురు పోయారు. ఈ సభలో ఉన్న చాలామందికి ఇవి తేదీలు కావు, మనుషులు. అలాంటి రోజున ఇంటికి వచ్చినవాళ్ళు ఏం మాట్లాడతారు? హిందువుల ఇంట్లో రాసిపెట్టి ఉందంటారు. మన ఇళ్ళల్లో దేవుని చిత్తమంటారు. దేవుడు ఇష్టపడి పిలుచుకున్నాడంటారు. ఓదార్పుగానే అంటారు, అందులో కపటం లేదు. అయినా ఆ మాటకు అక్కడ చోటు లేదంటాను.

లూకా సువార్త పదమూడో అధ్యాయంలో ఒక ప్రమాదముంది. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయారు. కట్టడం కూలి మనుషులు పోవడమంటే మన భాషలో వర్క్‌సైట్ ప్రమాదం. వాళ్ళు తక్కినవాళ్ళకంటే పాపులనుకుంటున్నారా అని యేసు అడిగాడు, కాదని తానే చెప్పాడు. వాళ్ళు పోవడం దేవుని ఏర్పాటని కూడా అనలేదు. అనడానికి ఆయనకంటే అర్హుడెవరు? ఆయనే అనలేదు. వింటున్నవాళ్ళవైపు తిరిగి, మీ సంగతి చూసుకోండి, మనసు మార్చుకోండి అన్నాడు. పోయినవాళ్ళ మీద వ్యాఖ్యానం కట్టిపెట్టి బతికున్నవాళ్ళకు పని చెప్పాడు. పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఇతడు చేసిన పాపమా, తల్లిదండ్రులు చేసిన పాపమా అని శిష్యులు అడిగినప్పుడూ అంతే, ఇద్దరిదీ కాదని చెప్పి బురద కలపడం మొదలుపెట్టాడు.

ప్రమాదానికి దేవుని చిత్తమనే పేరు పెట్టేస్తే తర్వాత అడగాల్సిన ప్రశ్నలు అడగడం భక్తిలేనితనంగా కనిపిస్తుంది. లైను మూశారా, గ్యాస్ ఉందో లేదో చూశారా, పని అనుమతి మీద ఎవరు సంతకం చేశారు, మాస్కులున్నాయా? ఇవి కోక్ ఓవెన్లలో పనిచేసినవాళ్ళకు నేను చెప్పాల్సిన ప్రశ్నలు కావు. ఈ ప్రశ్నలకు జవాబు దొరికితే మళ్ళీ మనుషులు పోకుండా ఉంటారు. దేవుని ఏర్పాటు పేరు చెప్పి వాటిని ఆపడం దేవుడి మీద అబద్ధసాక్ష్యం. పది ఆజ్ఞల్లో అది కూడా లెక్కకొస్తుంది.

మరి ఆ మాట ఎవరనవచ్చు? ఆదికాండంలో యోసేపు కథ చూడండి. అన్నలు గోతిలో తోశారు, అమ్మేశారు. ఏళ్ళ తర్వాత ఐగుప్తులో వాళ్ళు ఎదుట నిలబడ్డప్పుడు, మీరు కీడు తలపెట్టారు, దేవుడు దాన్ని మేలుకు తిప్పాడు అన్న అర్థంలో యోసేపు మాట్లాడాడు. ఇదే మాట అన్నలు అని ఉంటే? తమ్ముడూ, మేము నిన్ను అమ్మింది దేవుని సంకల్పమే అని? మాట ఒక్కటే, తేడా నోటిది. దెబ్బ తిన్నవాడు వెనక్కి తిరిగి చూసుకుని అంటే అది సాక్ష్యం. కొట్టినవాడు అంటే తప్పించుకోవడం. ఒడ్డున నిలబడ్డవాడు అంటే పెత్తనం. పైగా యోసేపు గోతిలో ఉండగా అనలేదు, చెరసాలలో అనలేదు. అక్కడ మొరపెట్టుకున్నాడు, విడిపించమని తోటి ఖైదీని బతిమాలుకున్నాడు. అంతా అయ్యాక, అన్నలను క్షమించే గడియలో అన్నాడు.

పౌలు కూడా అంతే. ఎన్నిక మీద వాదాలన్నిటికీ రోమా పత్రిక తొమ్మిదో అధ్యాయమే రణరంగం. యాకోబు, ఏశావు, ఫరో, కుమ్మరి, మట్టి అన్నీ అక్కడున్నాయి. అధ్యాయం మొదలయ్యేది మాత్రం ఏడుపుతో. తన సొంత జనం క్రీస్తును కాదన్నారు, వాళ్ళ కోసం తానే శాపగ్రస్తుడైపోయినా సరేనంటాడు. ఎన్నిక కానివాళ్ళని ఎవరినైనా చూసి చేతులు దులుపుకునేవాడు ఇలా మొదలుపెడతాడా? రెండు అధ్యాయాల తర్వాత వాదం తేలే చోట దేవుడు అందరి మీదా కరుణ చూపాలనే అందరినీ అవిధేయతలో మూశాడన్నంత దూరం వెళ్ళాడు. తొమ్మిదిలో ఆగిపోయి సిద్ధాంతం కట్టినవాళ్ళు పదకొండు దాకా నడవలేదు. కుమ్మరి బొమ్మ కూడా యిర్మీయా దగ్గరిదే. యిర్మీయాలోని కుమ్మరి పాడైన పాత్రను పారేయలేదు, అదే మట్టితో మళ్ళీ చేశాడు. జనం మనసు మార్చుకుంటే నేనూ నా నిర్ణయం మార్చుకుంటానని దేవుడు చెప్పడానికి ఆ బొమ్మ వాడాడు.

కాల్విన్ పేరు చెప్పగానే మనకు కటువైన మనిషి గుర్తొస్తాడు. జెనీవాలో తన సిద్ధాంతాన్ని కాదన్నందుకు 1551లో బోల్సెక్ అనే వైద్యుణ్ణి ఊరు వెళ్ళగొట్టారు, ఆ కటుత్వం నిజమే. అయినా ఆయన పెద్ద గ్రంథం చివరి కూర్పు 1559 నాటిది తెరిచి చూస్తే ఒక విశేషముంది. ఎన్నిక గురించిన అధ్యాయాలు దేవుడి గురించిన మొదటి భాగంలో లేవు. విశ్వాసం, మారుమనస్సు, ప్రార్థన అన్నీ అయ్యాక మూడో భాగం చివరికొస్తాయి. అంటే ఎక్కడో ఆకాశంలో మొదలుపెట్టి మనిషి మీదకు దించిన సిద్ధాంతం కాదది. నమ్మినవాడు వెనక్కి తిరిగి, నేను ఇక్కడికెలా వచ్చాను, నా గొప్పేముంది అని అడిగినప్పుడు దొరికే జవాబు. ఆయన చుట్టూ ఉన్నది ఫ్రాన్సు నుంచి ప్రాణాలరచేత పట్టుకొచ్చిన శరణార్థులు. రాజు మమ్మల్ని వద్దన్నాడు, దేవుడు ముందే కావాలన్నాడు అనుకోవడం వాళ్ళకు ఊపిరి. అదే మాట తర్వాతి తరాల్లో అధికారమున్నవాళ్ళ చేతికొచ్చి పక్కవాడి పేరు జాబితాలో లేదని చెప్పే సాధనమైంది.

ఇక్కడే తలరాతకూ ఏర్పాటుకూ ఉన్న అసలు తేడా. రెండూ ఒకటేనని మన యువకులు నాతో వాదిస్తుంటారు. భిలాయిలో ముందునిర్ణయం మాటెత్తితే ఎవరో ఒకరు పట్టాల పోలిక తెస్తారు. దేవుడు పట్టాలు వేశాడు, మనం బండి నడుపుతున్నామని. మన ప్లాంటులో దేశానికి పట్టాలు తయారవుతాయి కాబట్టి ఊరికి నచ్చిన పోలికే, నాకు నచ్చదు. పట్టాలకు బండి ఎటు పోతే ఏం? తలరాత కూడా అలాంటిదే, రాసినవాడికి రాయించుకున్నవాడి మీద ప్రేమ ఉండనక్కర్లేదు. బైబిలు చెప్పే ఏర్పాటులో ముందుగా ఉన్నది ప్రేమ, దారి తర్వాత. ప్రేమించినవాడు తిరస్కారాన్ని కూడా భరించాలి కాబట్టే యెరూషలేమును చూసి యేసు ఏడ్చాడు. తలరాత ఎప్పుడూ ఏడవదు.

ఈ తేడా తెలుగు నేల మీద ఎలా పనిచేసిందో ఒంగోలు చెబుతుంది. యర్రగుంట్ల పేరయ్య చర్మవ్యాపారం చేసే మాదిగ. క్రైస్తవుడు కాకముందే యోగసాధన చేసి గురువు అనిపించుకున్న మనిషి. 1866లో అమెరికన్ బాప్టిస్టు మిషన్‌లో బాప్తిస్మం పుచ్చుకున్నాడు. ఆయన వెంట పల్లెలు కదిలాయి. ఆ జనానికి తరతరాలుగా అందిన సిద్ధాంతం ఏమిటి? నీ పుట్టుక నీ పూర్వకర్మ ఫలం, నీ చోటు నీకు ముందే నిర్ణయమైందని. చెప్పింది ఊరు, వినాల్సింది పల్లె. వాళ్ళకు ఇంకొక ముందునిర్ణయం వినబడింది. లోకం పుట్టకముందే దేవుడు నిన్ను తన బిడ్డగా కోరుకున్నాడని. ఒకటి చోటు చూపి కూర్చోబెట్టింది, రెండోది లేపి నిలబెట్టింది. ముందునిర్ణయం మనిషిని చేతకానివాణ్ణి చేస్తుందనేవాళ్ళు ఒంగోలు చరిత్ర చదవాలి.

స్వేచ్ఛ సంగతి కూడా అక్కడే తేలింది. 1876 నుంచి 1878 దాకా మహాకరువు. ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి, గింజలు దొరికేట్టు చేశాడు. పని దగ్గర బోధకులు మాట్లాడారు. జనం బాప్తిస్మం అడిగారు. ఆయన ఇవ్వలేదు. కరువు నడుస్తున్నంత కాలం, ఏడాదికి పైగా, తలుపు మూసి పెట్టాడు. ఆకలి అడుగుతోందా, మనిషి అడుగుతున్నాడా అన్నది తనకు తెలియాలి. పనులు ఆగి, కూలి ఆగి, ఇక తిండి ఆశ లేదన్నాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. ఆరుగురు బోధకులు, ఇద్దరేసి వంతులవారీగా. ఏడాది చివరికి లెక్క తొమ్మిది వేలు దాటింది.

దీన్ని దేవుని కార్యమని బాప్టిస్టులు ప్రపంచమంతా చెప్పుకున్నారు. చెప్పుకోవచ్చు. నాకు మాత్రం 2,222 కంటే మూసిన తలుపు పెద్ద సంగతిగా కనిపిస్తుంది. దేవుడే పిలుస్తున్నాడని గట్టిగా నమ్మిన మనిషి, ఆ నమ్మకంతోనే, ఎదుటివాడి ఇష్టం స్వేచ్ఛగా ఉండేదాకా ఆగాడు. ఏర్పాటు దేవుడిదైతే తొందర మనకెందుకు?

ఎదుటివాడి ఇష్టం స్వేచ్ఛగా ఉందా అన్న ప్రశ్నను మన రాష్ట్రంలో చట్టం కూడా అడుగుతుంది. మధ్యప్రదేశ్ ధర్మస్వాతంత్ర్య చట్టం 1968లో వచ్చింది, రాష్ట్రం విడిపోయాక ఛత్తీస్‌గఢ్‌కూ సంక్రమించింది. బలవంతం, ప్రలోభం, మోసం ఉంటే మతమార్పిడి నేరమనీ, మార్పించినవాళ్ళు జిల్లా మేజిస్ట్రేటుకు తెలియజేయాలనీ ఆ చట్టంలో రాశారు. రాయపూర్‌కు చెందిన రెవరెండ్ స్టానిస్లాస్ దీన్ని సవాలు చేస్తే 1977 జనవరిలో సుప్రీంకోర్టు చట్టాన్ని నిలబెట్టింది. మతాన్ని ప్రచారం చేసే హక్కుందిగానీ ఇంకొకరిని మార్చే హక్కు అందులో లేదని చెప్పింది. ఈ తీర్పు మీద న్యాయవాదులు వాదించుకోనీండి. దైవశాస్త్రం కళ్ళతో చూస్తే ఒక తమాషా ఉంది. బలవంతం లేకపోతే మనిషి చిత్తం స్వేచ్ఛగా ఉన్నట్టేనని చట్టం అనుకుంటుంది, అంటే అది ఎరాస్మస్ పక్షం. లూథర్ మేజిస్ట్రేటు ముందుకొచ్చి, ఏ మనిషి చిత్తమూ స్వేచ్ఛ కాదు, దాన్ని విడిపించాల్సింది దేవుడేనంటే మతమార్పిడి తెలియజేసే ఫారం ఎలా నింపాలో గుమస్తాకు తోచదు. అయినా బలవంతం వద్దన్న చోట మనకూ చట్టానికీ తగువు లేదు. తగువంతా ప్రలోభమన్న మాట ఎంత దూరం సాగుతుంది, ఎవరి చేతిలో సాగుతుంది అన్న దగ్గరే. పేదవాడికి బడి, ఆస్పత్రి, పక్కన కూర్చునే మర్యాద దొరకడం ప్రలోభమైతే, అవి ఇన్నాళ్ళూ దొరక్కపోవడం ఏమిటి? పేదవాడు తీసుకున్న నిర్ణయం మాత్రమే స్వేచ్ఛది కాదని అనుమానించే అలవాటు చట్టానికీ ఉంది, మన మిషన్ రిపోర్టులకూ ఉండేది.

చివరిగా, ఆ సంఘపెద్ద వదలని ఇంకో ప్రశ్న. మన చుట్టూ ఉన్నవాళ్ళు, మన బావమరుదులు, షిఫ్టులో మన పక్కన నిలబడి ప్రాణం కాపాడినవాళ్ళు, క్రీస్తును ఎరగని వాళ్ళు ఏమవుతారు? దేవుడు హృదయాన్ని తిప్పగలిగితే అందరివీ ఎందుకు తిప్పడు? ఒంటికాలి మీద నిలబడ్డ లూథరన్లను ఎందుకు గౌరవిస్తానన్నానో ఇప్పుడు చెబుతాను. ఇక్కడ ప్రతి జవాబుకూ ఒక ధర ఉంది. దేవుడు కొందరినే ఎన్నుకున్నాడంటే ఆయన ప్రేమను తగ్గించాలి. ఆ నిర్ణయం భయంకరమైనదని కాల్వినే ఒప్పుకున్నాడు. మనిషి ఇష్టమే ఆఖరి మాటంటే కృప సలహాగా మిగులుతుంది, నేను రక్షణ పొందడానికి కారణం పక్కవాడికంటే నేను తెలివైనవాణ్ణి కావడమవుతుంది. కార్ల్ బార్త్ 1942లో మూడో దారి చూపాడు. ఎన్నికైనవాడూ, తిరస్కారానికి గురైనవాడూ ఇద్దరూ క్రీస్తేనన్నాడు. అందరూ రక్షణ పొందుతారా అని అడిగితే అవునని అనలేదు, కాదనీ అనలేదు. ఆ లూథరన్లలాగే నేను చెల్లించదలచింది తర్కం ధర. నా రక్షణ పూర్తిగా దేవుడి పనే అంటాను. ఎవరైనా నశిస్తే అది దేవుడు కోరింది కాదంటాను. ఈ రెండూ ఎలా కలుస్తాయంటే నోరు మూసుకుంటాను. అది దాటవేత అని ఆ పెద్దాయన అనేవారని వాళ్ళబ్బాయి ఇందాకే నాతో అన్నారు. సభలో ఇంకెవరికైనా అలాగే అనిపిస్తే ఇప్పుడు లేచి అడగండి, సమయముంది.